మూడు కలిస్తే ఒక్కరే

"ఏం పనిమీద ఒచ్చిండో అడుగు," అన్నాడు లింగస్వామి భార్యతో.

అడగవలసిన మనిషి గేటు అవతల మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. యాదలక్ష్మి అటూ ఇటూ చూసి, చేతిలోని చేట అరుగు మీద పెట్టి గేటు దగ్గరికి నడిచింది.

"ఏం పనిమీద ఒచ్చినవ్ బావా?"

"బ్యాంకుకెల్లి కాయితం ఒచ్చిందని చెప్పు," అన్నాడు బావ.

ఆమె వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. విన్నాను కదా మళ్లీ చెప్పేదేంటన్నట్టు ఆయన బూటు లేసులు ముడి వేసుకుంటున్నాడు. ఏడున్నరకు హయత్‌నగర్ డిపోలో డ్యూటీ. యూనిఫాం వేసుకున్న మనిషికి బయటికి వెళ్లాలంటే ఆ గేటు తప్ప ఇంకో దారి లేదు.

గేటు బయట ఉన్నాయన పేరు కూడా లింగస్వామే. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరి తల్లులూ చెరువుగట్టు లింగస్వామికి మొక్కుకున్నారు, ఇద్దరికీ కొడుకులే పుట్టారు. మొక్కు ఇద్దరిదీ కాబట్టి పేరూ ఇద్దరికీ పెట్టారు. ఊళ్లో పెద్దోడు, చిన్నోడు అంటే సరిపోయేది. పట్నం వచ్చాక పెద్దాయన తాపీ మేస్త్రి అయ్యాడు, చిన్నాయన బస్సు కండక్టర్ అయ్యాడు. అప్పటి నుంచి చుట్టాలంతా మేస్త్రి, కండక్టర్ అనే పిలుస్తున్నారు.

ఆరేళ్లుగా మేస్త్రి ఈ మీర్‌పేట్ ఇంటి గడప తొక్కలేదు. కండక్టర్ సరూర్‌నగర్‌లో ఆయన ఉండే వీధి వైపు తిరిగి చూడలేదు. కారణం అడిగితే ఇద్దరూ పెద్ద కథ చెబుతారు గానీ అసలు సంగతి ఒక శుభలేఖ. మేస్త్రి కొడుకు పెళ్లి కార్డులో ఆహ్వానించువారి దగ్గర ఒక్క లింగస్వామి పేరే అచ్చయింది. ప్రెస్సువాడు చూసుకోకుండా రెండోది తీసేశాడని మేస్త్రి ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాడు. కండక్టర్ నమ్మలేదు. ఆ పెళ్లికి ఈ ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేదు.

కాగితం యాదలక్ష్మి చేతికి వచ్చింది. ఆమె దాన్ని తలుపు చాటున నిలబడి ఉన్న కూతురికి అందించింది. మెడలో బ్యాంకు ఐడీ కార్డు వేసుకుని ఆఫీసుకు తయారైన సంతోషి దాన్ని తీసుకుంది గానీ చదవలేదు. ఆ ఉత్తరంలో రెండో పేరా ఆమె టైపు చేసిందే.

"సదువు బిడ్డా," అంది తల్లి.

చదవక తప్పలేదు. లింగస్వామి అనే పేరుతో ఉన్న ఈ రెండు ఖాతాలూ ఒకే వ్యక్తివని బ్యాంకు అనుమానిస్తున్నది. అందువల్ల రెండు ఖాతాల నుంచీ డబ్బు తీయడం నిలిపివేయబడింది. ఇద్దరు వ్యక్తులూ కలిసి ఎల్‌బీ నగర్ బ్రాంచికి స్వయంగా వచ్చి, తాము వేరువేరని రాసిస్తే పరిశీలించబడుతుంది. సంతోషి గొంతు చివరికి వచ్చేసరికి బాగా తగ్గిపోయింది.

కండక్టర్ లేచి నిలబడ్డాడు. ఫోన్‌కు వారం రోజులుగా ఇంగ్లీషులో ఏవో మెసేజీలు వస్తుంటే లోన్ ఇస్తామనే వాళ్లవనుకుని తుడిచేస్తున్నాడు. ఇప్పుడు అర్థమైంది.

"ఆయన వేరు, నేను వేరు అని ఆరేండ్ల నుంచి చెప్తనే ఉన్న గద. ఊరందరికీ తెలుసు. మళ్ల బ్యాంకుకు పోయి రాసియ్యాల్నా?"

మేస్త్రి గేటు ఊచలు పట్టుకుని, ఇంట్లోకి కాకుండా తలుపు వైపు చూసి సంతోషితో మాట్లాడాడు. శనివారం తన భార్య అండాలమ్మకు కంటి ఆపరేషన్ అని, మలక్‌పేట దవాఖానలో తేదీ దొరకడమే కష్టమైందని, కట్టాల్సిన డబ్బంతా ఆ ఖాతాలోనే ఉందని చెప్పాడు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. అడగడం అలవాటు లేని మనిషి.

"నువ్వు వాళ్ల పెద్దాఫీసులనే చేస్తున్నవంట గద బిడ్డా. జర అడిగి చూడు."

"అడుగుత పెద్దనాయినా," అంది సంతోషి.

మేస్త్రి వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కండక్టర్ గేటు తియ్యలేదు. ఆ రోజు ఉద్యోగంలో చేరాక మొదటిసారి డిపోకు ఆలస్యంగా వెళ్లాడు.

*

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల షాపుకు పైన మూడంతస్తులూ ఆ బ్యాంకు జోనల్ ఆఫీసువే. ఎంబీఏ రెండో ఏడు చదువుతున్న సంతోషికి అక్కడ ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్. ఇది ఆరో వారం.

మొదటి రెండు వారాలు ఆమెకు కుర్చీ లేదు. ప్రింటర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఫైళ్లకు నంబర్లు వేసింది. పేరు కూడా లేదు. ఆ అమ్మాయి, ఆ ఇంటర్న్ అనేవారు. అంత పెద్ద బ్యాంకులో తన తెలివి ఎవరికైనా అవసరమవుతుందా అని ఆమెకే అనుమానం వచ్చింది.

మూడో వారంలో మేనేజర్ విజయదుర్గ ఒక పని అప్పగించింది. కొందరు మోసగాళ్లు రెండు రకాల గుర్తింపు కార్డులతో రెండు ఖాతాలు తెరుస్తున్నారు, వాళ్లను పట్టుకునే దారేదైనా చూడమంది. పెద్ద కంపెనీలు లక్షలు అడిగే పని. చేతిలో ఎవరూ లేక ఈ పిల్లకిచ్చింది. సంతోషి నాలుగు రోజులు తల వంచుకుని కూర్చుని ఒక సూత్రం తయారుచేసింది. ఇంటిపేరుతో సహా పేరు, పుట్టిన తేదీ, ఊరు. ఈ మూడూ కలిస్తే ఒక్కరే. కార్డు నంబర్లు వేరైతే ఆ మనిషి నిర్దోషి అని కాదు, అక్కడే అనుమానించాలి.

చూసినవాళ్లంతా భలే ఉందన్నారు. తూర్పు వైపు ఐదు బ్రాంచీల్లో పరీక్షకు పెట్టారు. మూడు వందల ఎనభై ఆరు జంటలు దొరికాయి. సంతోషికి కుర్చీ వచ్చింది, ఆఫీసుకు ఆమె పేరు గుర్తుకొచ్చింది. శుక్రవారం జనరల్ మేనేజర్ ముందు ఆ సూత్రం గురించి ఆమే మాట్లాడాలి. తొమ్మిది మంది ఇంటర్న్‌లలో ఇద్దరికి ఉద్యోగం ఇస్తారు. ఒక పేరు సంతోషిదని విజయదుర్గ అప్పటికే రాసి పెట్టింది.

ఆ పొద్దున సంతోషి సీట్లో కూర్చోగానే లిస్టు తెరిచింది. ఇన్నాళ్లూ అందులో అంకెలే చూసింది, ఇప్పుడు పేర్లు చదవడం మొదలుపెట్టింది. యాదగిరి, యాదగిరి. ముత్తమ్మ, ముత్తమ్మ. సైదులు, సైదులు. ఎందుకో తోచి అన్నిటినీ పుట్టిన తేదీల వరసలో పేర్చింది.

తెర నిండా జులై ఒకటి. పేజీ దించితే జులై ఒకటి, ఇంకా దించితే అదే. ఒక్క ఊరి నుంచే పదకొండు మంది, పదకొండు మందీ జులై ఒకటిన పుట్టినవాళ్లే. ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత లింగస్వామి, లింగస్వామి అని ఉన్న వరస వెతికింది.

తండ్రిదీ అదే తేదీ, ఆధార్ కార్డు మీద ఆమె ఎన్నిసార్లు చూసిందో. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ అడగలేదు. ఇంట్లో ఆయనకు పుట్టినరోజు ఎప్పుడూ చేయలేదు కాబట్టి ఆ అవసరం రాలేదు. తన పుట్టినరోజుకు మాత్రం ఏటా కేకు తెస్తారు.

విజయదుర్గ దగ్గరికి వెళ్లి చూపించింది. ఆమె కళ్లజోడు సర్దుకుని లిస్టు అంతా చూసింది.

"అయితే తేదీలు దొంగవన్నమాట. మన అనుమానమే నిజమైందిగా అమ్మాయ్?"

సంతోషి కాదని చెప్పింది. ఊళ్లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ తెలియదని, సారు చూసి వయసు అంచనా కట్టి జులై ఒకటి వేసేవాడని, ఏ ఊరి బడిలో చూసినా తరగతి మొత్తం అదే తేదీన పుట్టి ఉంటుందని చెప్పింది. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరువాళ్లు ముప్పై గడపలుంటారని, దేవుడి పేరు ఇంటికొకరికి పెడతారని చెప్పింది. చెబుతుంటే తనకే సిగ్గనిపించింది. ఇవేవీ కొత్తగా తెలుసుకున్న సంగతులు కావు.

విజయదుర్గది తెనాలి. ఆమె పుట్టిన వేళ గడియలూ విఘడియలతో సహా జాతకంలో రాసి ఉంది. పుట్టిన రోజే తెలియని మనుషులు ఇంతమంది తన బ్యాంకులో ఖాతాదారులుగా ఉన్నారన్న సంగతి ఆమెకు నిజంగానే కొత్త. టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పింది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ శుక్రవారం చెప్పకు," అంది చివరికి.

"మేడమ్, వాళ్ల ఖాతాలు ఆగిపోయినయి."

"ఇద్దరూ వచ్చి రాసిస్తే అరగంటలో తెరుస్తారు. ఆ గదిలో నిలబడి నా సూత్రం తప్పండీ అన్నావనుకో, నీ నిజాయితీ ఎవరూ చూడరమ్మా. తప్పొక్కటే చూస్తారు. ముందు ఉద్యోగం రానివ్వు. నెల తిరిగాక నేనే మెల్లగా సరిచేయిస్తాను."

ఆమె చెడ్డ మనిషి కాదు. సంతోషికి కుర్చీ ఇప్పించింది ఆమే. మధ్యాహ్నం తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి పెట్టేదీ ఆమే. అందుకే ఎదురు చెప్పడం మరీ కష్టమైంది. నూట పన్నెండో వరసలో ఉన్న ఇద్దరిలో ఒకరు మా నాయిన అనే మాట సంతోషి నోటిదాకా వచ్చింది. అంటే తన ఇంటివాళ్ల కోసం బతిమాలినట్టుంటుందని మింగేసింది.

*

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన తండ్రి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు.

"అమ్మా, నాయిన ఎప్పుడు పుట్టిండు?" అని సంతోషి అడిగింది.

యాదలక్ష్మి వింతగా చూసింది. కందికోతలప్పుడని అత్తమ్మ చెప్పేదంది. బావ పుట్టింది మాత్రం అంతకు రెండేళ్ల ముందట, పెద్దవానకు గోడలు కూలిన యేడు అంది. ఆ లెక్కన ఇద్దరూ ఒకే తేదీన పుట్టినవాళ్లు కారు, ఇద్దర్నీ ఒకేసారి బడిలో వేస్తే సారు ఒకే తేదీ రాసుంటాడు.

అప్పుడు సంతోషి చెప్పేసింది. సూత్రం తనదని, ఉత్తరం తనదని, లిస్టులో ఆ రెండు పేర్లు ఎట్లా పడ్డాయో, మేడమ్ ఏమందో, శుక్రవారం ఏం జరగబోతోందో అన్నీ వరసగా చెప్పింది. దాచాల్సిన ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు.

తండ్రి కలిపిన ముద్ద కంచంలోనే ఉంది. డిపోలో ఆయన తోటివాళ్లందరికీ కూతురు బ్యాంకు ఆఫీసరవుతోందని చెప్పుకున్నాడు. స్వీట్లు ఎప్పుడని వాళ్లు రోజూ అడుగుతున్నారు.

"ఒక్కటే పేరు రెండుసార్లు ఉంటే రెండోది తప్పని నువ్వు గూడ అనుకున్నవన్నట్టు," అన్నాడు.

"అవు నాయినా."

"సదువుకున్న పిల్లవు. నీకే గట్ల అనిపిచ్చింది."

ఆ ప్రెస్సువాడి మాట ఆయనకు గుర్తొచ్చిందని తల్లీకూతుళ్లిద్దరికీ తెలిసింది. యాదలక్ష్మి నోరు తెరవబోయి మానుకుంది. ఆరేళ్లుగా ఆమె చెప్పి చెప్పి విసిగిపోయిన సంగతే అది. ఇప్పుడు అంటే మళ్లీ బిగుసుకుంటాడని ఆమెకు తెలుసు.

చెయ్యి కడుక్కుని వచ్చాక ఆయన తన నిర్ణయం చెప్పాడు. రేపు డ్యూటీ మార్చుకుంటానన్నాడు. బ్యాంకుకు వచ్చి సంతకం పెడతానన్నాడు. సంతోషి ముఖం వెలిగే లోపే రెండో మాట వచ్చింది.

"నువ్వు మాత్రం నోరు మెదపొద్దు. శుక్రవారం ఆ మీటింగుల అనొద్దు, మేస్త్రికి గూడ తెల్వొద్దు. మన పని అయితది, నీ నౌకరి ఉంటది."

"కడమ జంటలు ఎట్ల నాయినా?"

"వాళ్లకు గూడ అన్నదమ్ములుంటరు. వాళ్లు పోతరు."

సంతోషికి ఏడుపొచ్చింది. ఆరేళ్ల పంతం ఆయన తన కోసం వదులుకుంటున్నాడు. ఆ పంతం ఎంత పెద్దదో ఆమెకు తెలుసు. సరేనని తలూపింది.

*

గురువారం పదిన్నరకు ఎల్‌బీ నగర్ బ్రాంచిలో ఇద్దరు లింగస్వాములూ బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. మధ్యలో సంతోషి. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డులన్నీ ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకున్నాడు. తమ్ముడొస్తున్నాడని ఫోన్‌లో సంతోషి చెప్పినప్పుడు ఆయన ఎన్ని గంటలకని మాత్రమే అడిగాడు. ఎవరు ఒప్పించారని అడగలేదు.

బ్రాంచి మేనేజర్ ప్రసన్నకుమార్ ఇద్దరినీ లోపలికి పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. గ్లాసు గది తలుపు తెరిచే ఉంది. ఆయన చెరొక కాగితం ఇచ్చి, తప్పుల్లేకుండా చూసుకుని సంతకం చేయమన్నాడు. పైన పేర్కొన్న రెండో వ్యక్తిని నేను కానని ధ్రువీకరిస్తున్నాను అని ఉంది అందులో.

"మీకు ఈయన ఏమవుతారండీ?" అని మేనేజర్ అడిగాడు. ఆ గడి నింపాలి.

కండక్టర్ గోడ గడియారం చూశాడు.

"తమ్ముడు," అన్నాడు మేస్త్రి మేనేజర్‌తో.

కండక్టర్ జేబు తడుముకుని చెయ్యి చాపితే సంతోషి తన బ్యాగులోంచి పెన్ను తీసిచ్చింది. ఆయన చదవకుండానే సంతకం పెట్టేశాడు. మేస్త్రి మాత్రం వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుతున్నాడు.

అప్పుడే తలుపు దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో నలిగిపోయిన అలాంటి ఉత్తరమే. మేనేజర్ ఆయన్ను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"సీతారాములు గారూ, మొన్న చెప్పాను కదా. రెండో ఆయన కూడా రావాలి."

"ఆ సీతారాములు సచ్చిపోయి నాలుగేండ్లాయె సారూ. నేను ఏడికెల్లి తోల్కరావాలె?"

అయితే మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నాడు మేనేజర్. ఆ ఇంటివాళ్లు మగ్గాల పనికి భీవండి వెళ్లిపోయారని, వాళ్ల ఫోన్ నంబరు కూడా తన దగ్గర లేదని ముసలాయన చెప్పాడు. హయత్‌నగర్ అవతల నుంచి ఇది మూడోసారి రావడమట. ఈ నెల పింఛను పడింది గానీ చేతికి రాలేదట. గొంతు పెంచకుండా, ఎవరినీ తప్పు పట్టకుండా చెప్పాడు. ఎక్కడో తనదే పొరపాటు జరిగి ఉంటుందన్నట్టు మాట్లాడాడు.

మేనేజర్‌కు కూడా బాధగానే ఉంది. "లిస్టు పైనుంచి వచ్చింది పెద్దాయనా. నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు.

సంతోషి తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. నిన్న సాయంత్రం తను తలూపిన సంగతి ఆమెకు గుర్తుంది. శుక్రవారం ఇంకెంతో దూరంలో లేదు. ఒక్క రోజు నోరు మూసుకుంటే నెల తిరిగేసరికి తనే ఆ ఆఫీసులో ఉంటుంది, అప్పుడు ఎన్ని సరిచేయొచ్చో. నిన్నటి నుంచి తనకు తాను చెప్పుకుంటున్న మాటే అది. ముసలాయన ఎదురుగా అది నిలబడలేదు.

"సార్, ఆ లిస్టు తప్పు," అంది. "నేనే తయారుచేసిన."

మేస్త్రి వేలు కాగితం మీద ఆగిపోయింది. మేనేజర్ ఆమె మెడలో కార్డు వైపు, ముఖం వైపు మార్చి మార్చి చూశాడు. సంతోషి జులై ఒకటి సంగతంతా చెప్పింది. ఈసారి సిగ్గనిపించలేదు. చెప్పేది ఎవరి గురించో వాళ్లంతా ఎదురుగానే ఉన్నారు. ముసలాయన మధ్యలో తలూపి, తమ సారు పేరు కూడా చెప్పాడు.

ప్రసన్నకుమార్ ముసలాయన్ను లోపలికి రానిచ్చి తలుపు మూయించి, గొంతు తగ్గించాడు.

"తయారుచేసినవాళ్లే తప్పని రాసిస్తే ఇప్పుడే జోనల్ ఆఫీసుకు పంపుతానమ్మా. లిస్టు మొత్తం ఆపమని నేనూ కింద రాస్తాను. కానీ మీ పేరు, సంతకం ఉండాలి. రేపటి మీటింగు కంటే ముందే అది వాళ్ల టేబుల్ మీద ఉంటుంది. ఆలోచించుకోండి."

ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు.

సంతోషి పెన్ను కోసం తండ్రి వైపు చెయ్యి చాపింది. అది ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"నాయినా, పెన్ను."

ఆయన వినిపించనట్టే కూర్చున్నాడు. వేళ్లు మాత్రం పెన్ను చుట్టూ బిగిశాయి.

మేస్త్రి తన కాగితాన్ని సంతకం లేకుండానే పక్కకు పెట్టాడు. సంతోషిని చూశాడు, తలుపు దగ్గరున్న ముసలాయన్ను చూశాడు. తర్వాత నేరుగా తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"ఇయ్యిరా," అన్నాడు.

ఆరేళ్లలో అన్న తమ్ముడితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

కండక్టర్ లింగస్వామి పెన్నుకు మూత పెట్టి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.